నిద్రగన్నేరు మీది పెళ్ళివారు

కొంగలంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే ఇదంతా చదివి నన్నెవరో పక్షిప్రేమికుడు అనుకుంటారు. నేను పౌరోహిత్యం చేసుకుని బతికేవాణ్ణి. నిడదవోలులో కాలువగట్టు పక్కన ఒక కల్యాణమండపం ఉంది. నేను చేయించే పెళ్ళిళ్ళలో సగం అందులోనే జరిగేవి. దాని వాకిట్లో మూడు నిద్రగన్నేరు చెట్లు, వానాకాలం వస్తే వాటినిండా కొంగలు. మడిగా ఆరేసిన పట్టుపంచె కట్టుకుని, స్కూటరు దిగి, గేటునుంచి మెట్లదాకా వెళ్ళేలోపు నెత్తిమీద ఏదో ఒకటి పడేది. తుడుచుకున్నా వాసన పోదు. చేపల వాసన. నేను మంత్రం ఎత్తుకుంటే మగపెళ్ళివారి పెద్దాయన ముక్కు ఎగబీల్చి నావైపు చూసిన రోజులున్నాయి. పురోహితుణ్ణి పట్టుకుని అలా చూడవచ్చా? ఆ చూపు తెచ్చిపెట్టింది కొంగలే.

దొంగభక్తుణ్ణి కొంగజపం చేస్తున్నాడంటారు మనవాళ్ళు. ఆ మాట పుట్టించినవాడెవడో కొంగల్ని బాగా ఎరిగినవాడే.

అయితే పెళ్ళి పురోహితుడికి ఎదురుచూడ్డమే సగం పని. మేకప్పు కాలేదంటారు. ఫొటోగ్రాఫరు పెళ్ళికూతుర్ని మొక్కల మధ్యకి తీసుకెళ్ళాడంటారు. ముహూర్తం దాటిపోతోందని నేను మొత్తుకుంటే, "కొంచెం ఆగండి పంతులుగారూ, లైటింగు బాగుంది" అంటాడు ఆ ఫొటోగ్రాఫరు. అలాంటివాడితో వాదించలేక వెనక వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. అక్కణ్ణుంచి కనిపించేవి ఆ చెట్లే. ఎన్నో ఏళ్ళు చూశాను. ఇష్టపడి చూడలేదు, వేరే చూడ్డానికి ఏమీ లేక చూశాను.

జ్యేష్ఠంలో తొలివానలు పడగానే, ఏడాదంతా గేదెల వెనకాల తిరిగే మామూలు తెల్లకొంగకి తలా మెడా పసుపురంగు తిరుగుతాయి. మంగళస్నానం చేయించి పసుపు రాసినట్టే ఉంటుంది. మగది పుల్ల తెచ్చి ఆడదానికి అందిస్తుంది. ఆడది దాన్ని అటు పెట్టి, ఇటు పెట్టి, నచ్చక మళ్ళీ తీసి పెడుతుంది. ఆ సందులో పక్క గూటిది మెడ చాచి అదే పుల్ల లాక్కుపోతుంది. ఇక రభస. అరుపులు, ముక్కులతో పోట్లు. కింద మన వియ్యాలవారు చేసే గొడవకి అది ఏమాత్రం తీసిపోదు. గుడ్లమీద మొగుడూ పెళ్ళాం వంతులవారీగా కూర్చుంటాయి. వంతుకి వచ్చింది వీపుమీది ఈకలు విప్పి, తల వంచి, ఏదో గొణిగి, అప్పుడు కూర్చుంటుంది. సాయంత్రం ఇవన్నీ గూళ్ళకి చేరేసరికి రాత్రి మేతకి వెళ్ళే ఎర్రకళ్ళ కొంగలు లేచి బయల్దేరతాయి. మా ఊరి రైల్వేస్టేషన్లో డ్యూటీ మారినట్టే. పైకొమ్మల్లో నీటికాకులు రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటాయి. గూట్లో బలమైన పిల్ల బలహీనమైనదాన్ని పొడిచి పొడిచి కిందికి తోసేస్తుంది. తల్లి పక్కనే నిలబడి చూస్తూ ఊరుకుంటుంది. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఇవి మొదటినుంచీ ఊళ్ళోవి కావు. పొలాల్లో గట్లమీద తుమ్మచెట్లలో ఉండేవి. ఆ పొలాలు చేపల చెరువులయ్యాయి, రొయ్యల చెరువులయ్యాయి. ఆకులు నీళ్ళలో రాలతాయని గట్లమీద చెట్లు కొట్టేశారు. చెరువులమీద అడ్డంగా, నిలువుగా నైలాను దారాలు లాగి కట్టారు. దిగబోయిన కొంగకి ఆ దారం కంటికి ఆనదు. రెక్క తెగి గట్టుమీద పడి కొట్టుకుంటుంది. మిగిలినవాటిమీద టపాకాయలు వేస్తారు. వరిచేలోకి పోతే అక్కడ పురుగుమందు. ఇన్నిటిని తప్పించుకున్నవి వచ్చి మా కల్యాణమండపం చెట్లెక్కాయి. ఒకదాని కాలికి చుట్టుకుని వచ్చిన నీలంరంగు దారం కొమ్మకి చిక్కుకుని, అది తలకిందులుగా వేలాడి చచ్చిపోయింది. ఆ పూట కింద సన్నాయి వాయిస్తున్నారు. తల ఎత్తి చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు కోపం వచ్చింది. కొంగమీద మాత్రం కాదు.

ఇక మండపం యజమాని సంగతి. ఊళ్ళో అందరూ హాలాయన అంటారు, నేనూ అదే అంటాను. మా ఇద్దరికీ చాలాకాలం సఖ్యంగానే గడిచింది. వాళ్ళ పెదనాన్నగారు పోయినప్పుడు హాల్లో వరసగా పెళ్ళిళ్ళు బుక్కయి ఉన్నాయి. మైలలో హాలు తెరవచ్చా అని ఆయన కంగారుగా వచ్చి అడిగాడు. "మైల ఇంటికండీ. హాలు ఇల్లు కాదు, వ్యాపారం" అని నేను తేల్చాను. శాస్త్రప్రకారం ఆ తీర్పులో తప్పు లేదు. ఆయన నా చేతులు రెండూ పట్టుకుని వదల్లేదు. ఆ మాట మాత్రం మనసులో భద్రంగా దాచుకున్నాడు.

కిందటి ఆషాఢంలో ఒకనాటి పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు.

"మంచిరోజు ఒకటి చూడాలండి పంతులుగారూ."

"ఆషాఢంలో మంచిరోజేంటండీ?"

"పెళ్ళికి కాదండి, చెట్లు కొట్టించడానికి. అమ్మాయి పెళ్ళి శ్రావణంలో మన హాల్లోనే గదండీ. వియ్యాలవారు హైదరాబాదునించి దిగుతారు. ఈ కంపులోకి వాళ్ళ కార్లు ఎలా వస్తాయండీ? ఇప్పుడైతే హాలు ఖాళీ."

మా వైపు హాళ్ళన్నిటిదీ ఇదే పద్ధతి. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి సున్నాలు, పైపులు, చెట్లు కొట్టడాలు అన్నీ ఆ నెలలోనే పెట్టుకుంటారు. సరిగ్గా ఆ నెలలోనే కొంగలు గుడ్లమీద కూర్చుంటాయి. మన పంచాంగం వాటికి తెలియదు, వాటి పంచాంగం మనకి అక్కర్లేదు.

నేను పురోహితుడు చెప్పవలసిందే చెప్పాను. చెట్టు కొట్టే ముందురోజు దాని మొదట్లో పూజ చేసి, నైవేద్యం పెట్టి, దానిమీద కాపురమున్న ప్రాణుల్ని వేరేచోటికి వెళ్ళమని అడగాలి. అడక్కుండా కొడితే దోషం. ఇంకో సమయంలో అయితే హాలాయన నవ్వేసేవాడు. కానీ ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి. దోషం అనగానే ఆయన మొహం మారింది.

"అడిగేద్దామండి. దానికేముంది?" అన్నాడు.

పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, విస్తరిలో పెరుగన్నం. ఎండిపోయిన కొబ్బరిచెట్లకీ, గోడ పగలగొడుతున్న వేపచెట్లకీ ఈ తంతు ఎన్నోసార్లు నడిపాను. ఎప్పుడూ పైన వినేవాళ్ళు లేరు. ఆ రోజు ఉన్నారు. "ఇక్కడ నివాసమున్న ప్రాణులారా, మీకు నమస్కారం, ఈ అన్నం తీసుకుని వేరేచోటికి తరలివెళ్ళండి" అని సంస్కృతంలో చెప్పి, మళ్ళీ తెలుగులో చెబుతుంటే, ఒక కొంగ గుడ్లమీంచి లేవకుండానే మెడ చాచి నావైపు చూసింది.  ఎలాగో పూర్తిచేశాను.

మర్నాడు రంపపు మెషీన్లతో మనుషులు దిగారు. నేనూ వెళ్ళి గేట్లో నిలబడ్డాను.

"అవి వెళ్ళలేదండీ" అన్నాను.

"అడిగేశాం గదండీ" అన్నాడు హాలాయన.

"అడిగితే సరిపోతుందాండీ? ఈ సంబంధం ఇష్టమేనా అని మీ అమ్మాయిని అడిగారు. ఆ అమ్మాయి ఔననేదాకా ఆగారా లేదా?"

"కొంగలు ఔనని ఎలా అంటాయండీ?"

"లేచి వెళ్ళి."

ఆయన పళ్ళు కొరుక్కుంటూ మెషీన్లవాళ్ళని పంపించేశాడు. అంతటితో ఊరుకున్నాడా? పాత పెళ్ళిళ్ళలో మిగిలిపోయిన బాంబులు తెప్పించి చెట్లకింద పేల్పించడం మొదలెట్టాడు. పేలినప్పుడల్లా చెట్టు చెట్టంతా తెల్లగా పైకి లేచేది. కాలువమీద ఒక చుట్టు తిరిగి మళ్ళీ వచ్చి గూళ్ళలో దిగేది. కంగారులో కాళ్ళు తగిలి గుడ్లు కింద పడ్డాయి. లేత నీలంరంగు పెంకులు మెట్లదాకా చిందాయి. నేను వెళ్ళి ఆయనతో నడివీధిలో పోట్లాడాను.

"అన్నం పెట్టి, నమస్కారం పెట్టి, ఇప్పుడు బాంబులేంటండీ? భోజనానికి పిలిచి విస్తరి ముందు కర్ర ఎత్తుతారా?"

"మీకెందుకండీ ఇంత ఇది? ఇవి పీడ అని మొన్నటిదాకా మీరే అన్నారు."

"పీడే. ఇప్పటికీ అంటాను. కానీ అడిగింది నా నోరు. జవాబు రాకముందే గొంతు కోస్తానంటే ఒప్పుకోను."

"హాలుకి పురోహితులు కరువనుకుంటున్నారేంటండీ?" అన్నాడు నెమ్మదిగా.

బెదిరింపు నాకు అర్థమైంది. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ కూర తరుగుతున్నదల్లా కత్తిపీట పక్కకి తోసింది. "కొంగల కోసం నోటికాడి కూడు కాలదన్నుకుంటారా ఏంటండీ? అవేమైనా మీకు సంభావనలిస్తాయా?" అంది.  ఆవిడ అన్నది నిజమే కాబట్టి మరింత చిరాకేసింది.

చివరికి ఆయన భయమే నన్ను గెలిపించింది. కాళ్ళ పారాణి ఆరకముందే అమ్మాయికి ఏదైనా అయితే, అన్న మాట వాళ్ళింట్లో ఎవరో అన్నారట. ఆయన దిగివచ్చాడు. ఒప్పందం ఇదీ: పెళ్ళి అవుతుంది, పదహార్రోజుల పండగ అవుతుంది. శుభకార్యం చేసినవాళ్ళు ఆలోపు చెట్టుమీద చెయ్యి వెయ్యరు. అవి గడిచేసరికి భాద్రపదం వస్తుంది. అది శూన్యమాసం, హాలెలాగూ ఖాళీ. పిల్లలు ఎగిరిపోయి ఉంటాయి. అప్పుడు కొట్టుకోండి, నేనే వచ్చి కొబ్బరికాయ కొడతాను అన్నాను. అందుకోసమే ఉన్న ముహూర్తాల్లో వెనకది ఖాయం చేశాను. తారాబలం కూడా దానికే బాగుంది. అబద్ధమాడలేదు.

శ్రావణం వచ్చేసరికి గూళ్ళనిండా పిల్లలు. చెట్లకింద పెద్ద టార్పాలిన్ కట్టించాడు హాలాయన. పెళ్ళినాడు పొద్దుటి ముహూర్తం. కన్యాదాత పీటలమీద కూర్చున్నాడు. సంకల్పంలో, ఈ పని ఎక్కడ కూర్చుని చేస్తున్నామో చెప్పాలి. సొంతిల్లయితే స్వగృహే అంటాం. అద్దెదైతే వేరేమాట ఉంది. ఆ హాల్లో నేను చేయించిన పెళ్ళిళ్ళన్నిటికీ ఆ వేరేమాటే వాడాను. ఆ రోజు ఆయన నా చెవిదగ్గరికి వంగి, "స్వగృహే అనండి పంతులుగారూ. మన ఇల్లే గదా ఇది" అన్నాడు. నేను మైకులో గట్టిగా అన్నాను. ఆయనా గట్టిగా పలికాడు. పలికి వియ్యంకుడివైపు ఓసారి చూసుకున్నాడు.

తాళి కట్టేవేళకి ఎవడో బయట డ్రోను లేపాడు. అది గుయ్యిమంటూ చెట్లమీదికి పోయేసరికి పెద్దకొంగలన్నీ ఒక్కసారి లేచాయి. గూటి అంచుమీద నిలబడ్డ పిల్ల ఒకటి టార్పాలిన్ మీద ధబ్బున పడింది. కేటరింగు మనిషి కింద నుంచి కర్రతో పొడిచి దాన్ని పక్కకి దొర్లించాడు. లోపల భజంత్రీలు ఆగలేదు. నేను మంత్రం ఆపలేదు. తాళి పడింది.

మర్నాడు ఒకరింట్లో వ్రతం చేయించడానికి బయల్దేరాను. కాలువ వంతెనమీదికి వచ్చేసరికి రంపం మోత వినపడింది. స్కూటరు అటు తిప్పాను. కొత్తజంటని తీసుకుని ఇంటిల్లిపాదీ సత్యనారాయణస్వామి వ్రతానికి అన్నవరం వెళ్ళారు. హాలాయన మాత్రం కాఫీగ్లాసు పట్టుకుని మెట్లమీద నిలబడి ఉన్నాడు. అప్పటికే ఒక చెట్టు నేలమీద ఉంది.

"పదహార్రోజులన్నారు గదండీ!" అని అరిచాను.

"అది ఇంటికి గదండీ. మా ఇంట్లో తులసిమొక్క ఆకు కూడా తుంచనివ్వట్లేదు." ఆయన గొంతులో కోపం కూడా లేదు. "హాలు ఇల్లు కాదు, వ్యాపారం. మా పెదనాన్నగారు పోయినప్పుడు మీరే గదండీ చెప్పారు."

నోటితో బతికేవాణ్ణి నేను. ఆ నోటిమాటే తిరిగొచ్చి నాకు తగిలింది. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. కూతురు మెళ్ళో తాళి పడేదాకానే ఆయనకి భయం. నేనే కట్టించాను ఆ తాళి.

కూలిన కొమ్మల్లో పిల్లలు. రెక్కలు సగం వచ్చాయి, ఎగరడం రాదు. కొంగపిల్ల భయపడితే మింగింది కక్కేస్తుంది. నేలంతా చిన్నచిన్న చేపలు, కప్పపిల్లలు. కుక్కలు వచ్చాయి, కాకులు వచ్చాయి. మేత తెచ్చిన పెద్దకొంగలు గొంతు నిండా పెట్టుకుని పైన తిరుగుతున్నాయి, దిగడానికి కొమ్మ లేదు. రెండో చెట్టు కూడా పడింది. మూడోదాని కింద నిలబడి బూతులు తప్ప అన్నీ తిట్టాను. రంపం మోతలో నా తిట్లు నాకే వినపడలేదు. ఒక పనివాడు మర్యాదగా నా మోచెయ్యి పట్టుకుని పక్కకి నడిపించి, "పంచె పాడైపోద్దండి" అన్నాడు. అంత ఏడుపు నాకు ఎప్పుడూ రాలేదు. ఏడవలేదు, అది వేరేమాట.

కాళ్ళదగ్గర ఒక పిల్ల కదులుతుంటే ఉత్తరీయంలో చుట్టి తీసుకున్నాను. జాలితో అని చెప్పను, పంతంతో తీసుకున్నాను. అది నా మణికట్టు రక్తం వచ్చేలా పొడిచింది.

"ఇదేంటండీ?" అంది మా ఆవిడ. మడికట్టుకుని ఉంది, దూరంగా జరిగింది.

"పెళ్ళివారు."

అన్నం తినలేదు. పాలల్లో తడిపిన అటుకులు తినలేదు. అది తినేది ఒకటే. చేపలబుట్ట ఆవిడ మా వీధిన రోజూ పోతుంది గాని మా వాకిట్లో ఎన్నడూ ఆగలేదు. మా ఆవిడ పిలిస్తే, తనని కాదనుకుని వెనక్కి తిరిగి చూసుకుంది. పరిగెచేపలు కొని, పెరట్లో గంప కింద ఉన్న పిల్లకి వేసి, నూతిదగ్గర స్నానం చేసి, అప్పుడు మడికట్టుకునేది మా ఆవిడ. నన్ను తిడుతూనే చేసేది. వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. పంతులుగారింట్లో చేపలు! హాల్లో పెళ్ళిళ్ళు ఎలాగూ వేరేవాళ్ళకి వెళ్ళిపోయాయి. మిగిలిన ఇళ్ళలో కూడా ఒకరిద్దరు పిలవడం మానేశారు.

పదహార్రోజుల పండక్కి పిలవడానికి హాలాయన పళ్ళూ స్వీటుడబ్బా పట్టుకుని వచ్చాడు. సిగ్గులేదు. కుర్చీలో కూర్చుని ముక్కు ఎగబీల్చాడు. ఆ చూపు నాకు పాతదే.

"ఏంటండీ, మీ ఇంట్లో చేపల వాసన?"

"మీ హాలువాసనేనండి. ఒకమాట అడుగుతాను చెప్పండి. పీటలమీద కూర్చుని నాచేత స్వగృహే అనిపించారు. కన్యాదానానికి అది ఇల్లయింది. మర్నాడు రంపానికి హాలయింది. రెండిట్లో ఏది నిజం? ఇల్లయితే, పారాణి ఆరకముందే ఇంటి వాకిట్లో కాపురాలు కూల్చారు. ఇల్లు కాకపోతే, పిల్లని ధారపోస్తూ అబద్ధపు సంకల్పం చెప్పారు. ఏదో మీరే తేల్చుకోండి."

ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది. అది చూడాలనే అన్నాను. చూశాను, ఆనందించాను కూడా.

"ఏదైనా శాంతి ఉంటే చేయించండి పంతులుగారూ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నేను చేయించను. హాలుకి పురోహితులు కరువు కాదన్నారు గదండీ, వాళ్ళనే అడగండి."

ఆయన వెళ్ళాక ఆ ఆనందం కాఫీ తాగినంతసేపు కూడా నిలవలేదు. ఆ భయమేదో చెట్లు నిలబడి ఉన్నప్పుడు ఉండాల్సింది. ఇప్పుడు ఆయన వణికితే ఎవరికి లాభం? నేను ఆ పండక్కి వెళ్ళలేదు.

భాద్రపదం వచ్చింది. పిల్లకి రెక్కలు నిండాయి. ఒక పొద్దున గంప తీసేసరికి ఎగిరి పెరటిగోడ ఎక్కింది. మా ఆవిడ నూతిదగ్గర చేద పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అది గోడమీంచి లేచి హాలువైపు వెళ్ళింది. నేను చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి వచ్చి చూశాను. చెట్లున్నచోట ఇప్పుడు సిమెంటు రాళ్ళు పరిచి కార్లకి గీతలు గీశారు. దానిమీద ఒక చుట్టు తిరిగింది. కాలువవైపు పోయింది. అవతల చెరువులమీద దారాలు ఎండకి మెరుస్తున్నాయి. ఎవడో టపాకాయ పేల్చాడు. కాసేపటికి అది వెనక్కి వచ్చి, మా పెరట్లో బోర్లించిన గంపమీద దిగింది.

"వెళ్ళమనండి, ఇంకా ఇక్కడేంటి" అంది మా ఆవిడ. ఆవిడ గొంతు బాగాలేదు.

వేరేచోటికి వెళ్ళండని ఇన్నేళ్ళుగా అడుగుతున్నవాణ్ణి నేను. పూజ చేసి, అన్నం పెట్టి, గట్టిగా, స్వరంతో అడుగుతున్నాను. ఆ వేరేచోటు ఎక్కడుందో మంత్రంలో లేదు. దాని మొహంలోకి చూస్తూ ఆ మాట మళ్ళీ అనడానికి నాకు నోరు రాలేదు.